ల్యాబ్‌లో 64 సిస్టమ్స్‌కి సొంత అప్‌డేట్ రెపో: మొత్తం మిర్రర్ పెట్టాలా, క్యాష్ చాలా?

ల్యాబ్‌సార్_పగో (1)
మాది భీమవరం దగ్గర ఇంజనీరింగ్ కాలేజీ. రెండు ల్యాబులు కలిపి 64 సిస్టమ్స్, అన్నిట్లో ఉబుంటు 22.04 లినక్స్. పొద్దున 9:30కి పిల్లలు వచ్చి ఒక్కసారిగా అన్నీ ఆన్ చేస్తారు. గంట తిరక్కుండా నెట్ పడుకుంటుంది. రౌటర్ పేజీలో చూస్తే ప్రతి మెషీనూ ఉబుంటు సర్వర్ నుంచి ఏదో ఒకటి లాగుతూ ఉంటుంది. మొన్న థర్డ్ ఇయర్ వాళ్లు ఆన్‌లైన్ టెస్టు రాస్తుంటే మధ్యలో పేజీ ఆగిపోయింది. హెచ్‌ఓడీ గారు పిలిచి "నువ్వేం చేస్తున్నావయ్యా అక్కడ?" అన్నారు. నేనేం చెయ్యట్లేదు సార్, చేసేదంతా ఆ మెషీన్లే అని చెప్పే ధైర్యం రాలేదు.

లైన్ కాగితం మీద 100 ఎంబీపీఎస్. కొలిస్తే 40.

స్టోర్ రూమ్‌లో పాత ఐ5 మెషీన్ ఒకటి ఉంది. 8 జీబీ ర్యామ్, 500 జీబీ డిస్క్. ఉబుంటు సర్వర్‌లో ఉన్నదంతా దాన్లోకి దింపేసి, 64 మెషీన్లూ అక్కణ్ణుంచే అప్‌డేట్ అయ్యేలా చేద్దామని నా ఆలోచన. ఇంకో సంగతి, మేమే రాసుకున్న చిన్న ప్రోగ్రాములు రెండున్నాయి. ఒకటి హాజరుకి, ఒకటి రికార్డు సబ్మిట్ చెయ్యడానికి. అవి కూడా అప్‌డేట్ లాగే అన్నిట్లోకీ వెళ్లిపోవాలి. ఇప్పుడైతే పెన్‌డ్రైవ్ పట్టుకుని కుర్చీ కుర్చీకీ తిరుగుతున్నా. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

విండోస్ వీరయ్య (2)
విండోస్ వేసుకోండి సార్. నెట్ ఎందుకు పోయిందో ఆలోచించే తీరికే ఉండదు.

పెంగ్విన్ పంతులు (3)
వీరయ్యని పక్కన పెట్టండి. సార్, మీరు అడిగినవి రెండు వేరు వేరు పనులు. వాటిని కలిపేస్తే రెండూ చెడతాయి.

మొదటిది, ఉబుంటు వాళ్ల ప్యాకేజీలని మళ్లీ మళ్లీ దింపకుండా ఆపడం. లెక్క వేసుకోండి. ఒక్కో మెషీన్‌కి 400 ఎంబీ అప్‌డేట్ వచ్చిందనుకుందాం. 64 మెషీన్లకి 25 జీబీ పైనే. 40 ఎంబీపీఎస్ లైన్ మీద గంటన్నర దాకా పడుతుంది, అది కూడా ఇంకెవరూ నెట్ ముట్టుకోకపోతే. అదే 400 ఎంబీ ఒక్కసారే దిగితే నిమిషంన్నర లోపు అయిపోతుంది. మిగతా 63 మెషీన్లూ ల్యాబ్ లోపలి తీగల మీద తీసుకుంటాయి. దీనికి మొత్తం మిర్రర్, అంటే మీరన్న పూర్తి కాపీ, అక్కర్లేదు. ఉబుంటులో ప్యాకేజీలు దింపి ఇన్‌స్టాల్ చేసేది ఆప్ట్; దానికోసం ఆప్ట్ క్యాషర్ ఎన్‌జీ అని ఉంది, అది చాలు. ఎవరో ఒక మెషీన్ అడిగినప్పుడు దింపి దాచుకుంటుంది, తర్వాత అడిగినవాళ్లకి దాచినదే ఇస్తుంది. ఇన్‌స్టాల్ చెయ్యడం ఒక్క కమాండ్, పోర్ట్ 3142. ప్రతి క్లయింట్‌లో, అంటే ల్యాబ్ మెషీన్‌లో, ఆప్ట్ ప్రాక్సీ (మధ్యవర్తి) ఇదీ అని ఒక్క లైన్ ఉన్న ఫైల్ పెడితే అయిపోయింది.

రెండోది మీ సొంత ప్రోగ్రాములు. దానికి చిన్న రెపో (ప్యాకేజీలు పెట్టే గోదాం లాంటిది), రెప్రెప్రో అనే టూల్‌తో. అరపూట పని. అది తర్వాత మాట్లాడుకుందాం.

ల్యాబ్‌సార్_పగో (4)
మొత్తం కాపీ ఉంటే నెట్ పోయినా ఏది కావాలన్నా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు కదా పంతులు గారూ? 500 జీబీ సరిపోదంటారా?

కరీంనగర్ కుర్రోడు (5)
సార్, ఈ ముచ్చట నేను అనుభవించి చెప్తున్న. నేను కూడా మీలాగే మొత్తం కావాలనుకున్న. మొత్తం కాపీ తీసే ఆప్ట్ మిర్రర్ పెట్టిన. కాన్ఫిగ్ ఫైల్‌ల సెక్యూరిటీ, అప్‌డేట్స్, బ్యాక్‌పోర్ట్స్, యూనివర్స్, మల్టీవర్స్ అని ఉబుంటు ప్యాకేజీల భాగాలన్నీ రాసిన, సోర్స్ ప్యాకేజీలు (ప్రోగ్రాముల అసలు కోడ్) కూడా తీసెయ్యలే. రాత్రి పెట్టి ఇంటికి పోయిన. మూడు రోజులు నడిచింది. నాలుగో రోజు డిస్క్ ఫుల్, లాగ్ రాయడానికి కూడా జాగ లేక ఆగిపోయింది.

సోర్స్ తీసేసి, పెద్ద డిస్క్ వేసి మళ్ల మొదలుపెట్టిన. ఈసారి అంతా దిగింది, కానీ క్లయింట్లల్ల ఆప్ట్ అప్‌డేట్ కొడితే 'కమాండ్స్' అనే ఫైల్ దొరకట్లేదని 404. ఆ పాత ఆప్ట్ మిర్రర్‌కి సీఎన్ఎఫ్ ఫోల్డర్ ఒకటి ఉంటదనే తెల్వదు. దానికోసం వేరే స్క్రిప్ట్ రాసుకున్న. మొత్తానికి రెండు వారాలు. ఇంత చేస్తే మా పిల్లలు ఇన్‌స్టాల్ చేసుకున్న కొత్త ప్యాకేజీ ఏందో తెల్సా? టక్స్ కార్ట్ గేమ్.

బగ్గుల బుజ్జి (6)
టక్స్ కార్ట్ 😂 యూనివర్స్‌లో పదుల వేల ప్యాకేజీలు. మన మెషీన్‌లో ఉండేవి రెండు వేలు అటూ ఇటూ. ఊరందరి సామాను మోసుకొచ్చి మన ఇంట్లో దించుకోవడమే మిర్రర్ అంటే.

డల్లాస్ డెబియన్ (7)
5, 6 పోస్టులతో నేను పూర్తిగా ఒప్పుకోను. క్యాష్ చవక, నిజమే. కానీ క్యాష్‌కి బుర్ర ఉండదు. ఉబుంటు వాళ్లు పొద్దున ఏది విడుదల చేస్తే అది మధ్యాహ్నానికి 64 మెషీన్లలోకీ వెళ్తుంది. ఆపుదామంటే మీ చేతిలో ఏమీ లేదు. మా ఆఫీసులో ఒకసారి కొత్త కెర్నెల్ (సిస్టమ్ గుండె లాంటి భాగం) వచ్చింది, గ్రాఫిక్స్ డ్రైవర్ దానికి కంపైల్ అవ్వలేదు. మర్నాడు పొద్దున 30 మంది నల్ల స్క్రీన్ ముందు కూర్చున్నారు. అప్పటినుంచి ఆప్ట్లీకి మారాం. అది మిర్రర్‌ని స్నాప్‌షాట్‌గా తీస్తుంది, ఫొటో తీసినట్టు. ఆ ఫొటోని ముందు నాలుగు టెస్ట్ మెషీన్లకి చూపిస్తాం. వారం బాగుంటే పబ్లిష్ స్విచ్ కొట్టి అందరికీ ఇస్తాం. తేడా వస్తే పాత ఫొటోకి వెనక్కి. ఫిల్టర్ పెట్టుకోవచ్చు కాబట్టి అన్ని ప్యాకేజీలూ దింపక్కర్లేదు, మనకి కావల్సినవి, అవి ఆధారపడే ప్యాకేజీలు (డిపెండెన్సీలు) చాలు.

పెంగ్విన్ పంతులు (8)
మీరన్నది రైటే, కానీ మీ దగ్గర దానికోసం మనుషులున్నారు. పగో సార్ ఒక్కరు. స్నాప్‌షాట్ తీసి మర్చిపోతే ఏమవుతుంది? సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా ఆగిపోతాయి. నేను చూసిన ఒక చోట పదకొండు నెలల పాత స్నాప్‌షాట్ మీద ల్యాబ్ నడుస్తోంది. 'స్టేబుల్‌గా ఉంది సార్' అన్నారు.

డల్లాస్ డెబియన్ (9)
ఒప్పుకున్నా. క్రాన్‌లో (వేళకి పనులు నడిపే టైమర్‌లో) పెట్టి మర్చిపోవచ్చు అనుకునేవాళ్లకి క్యాషే మేలు.

ల్యాబ్‌సార్_పగో (10)
సరే, క్యాష్ పెట్టేశా! నిన్న సాయంత్రం. ఇన్‌స్టాల్ నిజంగానే ఒక్క కమాండ్. కానీ ఇవాళ పొద్దున పెద్ద తేడా కనపళ్లేదు. రిపోర్ట్ పేజీలో హిట్లు బాగానే ఉన్నాయి, అంటే బయటి నుంచి దింపట్లేదు. అయినా ఒక్కో మెషీన్ నత్తలాగే నడుస్తోంది. పాత డిస్క్ వల్లా?

కేబుల్ కిట్టు (11)
ల్యాబ్‌లో స్విచ్ ఏది? గిగాబిట్టా, 100 ఎంబీపీఎస్‌దా? వెనకాల లేబుల్ చూసి చెప్పండి.

ల్యాబ్‌సార్_పగో (12)
లేబుల్ మీద దుమ్ము తుడిచి చూశా. 10/100 అని ఉంది.

కేబుల్ కిట్టు (13)
అదీ సంగతి. సర్వర్ నుంచి బయటికొచ్చే దారే 100 ఎంబీపీఎస్. 25 జీబీ ఆ దారిలో పోవాలంటే అరగంట పైన. గిగాబిట్ స్విచ్ పెడితే మూడు నాలుగు నిమిషాల లెక్క, డిస్క్ అడ్డు పడకపోతే. ముందు సర్వర్ ఉన్న స్విచ్ ఒక్కటి మార్చినా చాలా తేడా వస్తుంది.

ఇంకోటి. మార్చాక కూడా లింక్ 100 దగ్గరే ఆగితే కేబుల్ చూడండి. వందకి రెండు జతల తీగలు చాలు, గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. క్రింపింగ్‌లో బ్రౌన్ తీగ ఒక్కటి సరిగ్గా దిగకపోయినా నోరెత్తకుండా వందకి దిగిపోతుంది. లైట్ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

విండోస్ వీరయ్య (14)
మా వైపు డబ్ల్యూసస్ (విండోస్ అప్‌డేట్లని లోపలే పంచే సర్వర్) ఉన్నప్పుడు కూడా ఇదే కథ. సర్వర్‌ని తిట్టాం, డిస్క్‌ని తిట్టాం, చివరికి స్విచ్. అన్నట్టు ఆ డబ్ల్యూసస్‌ని కూడా ఇక అభివృద్ధి చెయ్యబోమని మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబర్‌లో చెప్పేసింది. పనిచేస్తుంది గానీ కొత్తగా ఏమీ రాదు. కాబట్టి నేనూ ఈ చర్చ శ్రద్ధగానే చదువుతున్నా, పైకి నవ్వుతున్నా అంతే.

బగ్గుల బుజ్జి (15)
పగో సార్, 64 మెషీన్లూ ఒకే డిస్క్ ఇమేజ్ నుంచి క్లోన్ చేశారా?

ల్యాబ్‌సార్_పగో (16)
అవును. ఒకటి తయారుచేసి మిగతా అన్నిట్లోకీ కాపీ. ఎలా కనిపెట్టారు?

బగ్గుల బుజ్జి (17)
ల్యాబ్ అంటే అంతే కదా 🙂 అప్పుడు అన్నిటి మెషీన్ ఐడీ ఒకటే అయ్యుంటుంది. ఈటీసీ ఫోల్డర్‌లో మెషీన్ ఐడీ ఫైల్ ఉంటుంది, రెండు మెషీన్లలో తెరిచి పోల్చండి. ఉబుంటు కొన్ని అప్‌డేట్లని అందరికీ ఒకేసారి ఇవ్వదు, కొద్ది శాతం మెషీన్లకి ముందు ఇచ్చి, గొడవ లేకపోతే పెంచుకుంటూ పోతుంది. ఎవరి వంతు ఎప్పుడో ఆ ఐడీని బట్టే తేలుతుంది. ఐడీ ఒకటే అయితే 64కీ ఒకే క్షణంలో వంతు వస్తుంది. తేడా ఉన్న అప్‌డేట్ వస్తే 64 మందీ కలిసి బలి.

క్లోన్ తీసే ముందు ఆ ఫైల్‌ని ఖాళీ చెయ్యాలి. డిలీట్ కాదు, ఖాళీ. మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొత్తది అదే రాసుకుంటుంది.

ల్యాబ్‌సార్_పగో (18)
పోల్చా. అక్షరం తేడా లేదు. అప్పుడప్పుడూ రెండు మెషీన్లకి ఒకే ఐపీ వచ్చి కొట్టుకునేవి, అదీ ఇందుకేనా?

బగ్గుల బుజ్జి (19)
ఇందుకే అయ్యుండొచ్చు. డీహెచ్‌సీపీకి (మెషీన్లకి ఐపీలు పంచేది) ఇచ్చే గుర్తు కూడా కొన్ని సెటప్పుల్లో దాన్నుంచే తయారవుతుంది.

కరీంనగర్ కుర్రోడు (20)
పొద్దున ఆన్ చేయంగనే ఎందుకు మొదలైతదో కూడా చెప్తా. ఆప్ట్ డెయిలీ అప్‌గ్రేడ్ టైమర్‌కి టైమ్ పొద్దున 6. అప్పుడు మెషీన్లు ఆఫ్‌ల ఉంటయి. తప్పిపోయిన డ్యూటీని ఆన్ అవ్వంగనే గుర్తుకు తెచ్చుకుని, గంట లోపల ఎప్పుడో ఒకప్పుడు చేస్తది. అంటే సరిగ్గా మీ ఫస్ట్ పీరియడ్‌ల. ఆ టైమర్‌ని మధ్యాహ్నం లంచ్ టైమ్‌కి మార్చి, తప్పిపోతే వెంటనే చెయ్యాలనేది తీసెయ్యండి. నెట్ సగం అక్కడనే బాగైతది. అప్‌డేట్ నడుస్తుంటే ఇంకేదీ ఇన్‌స్టాల్ కాక, లాక్ దొరకట్లేదని పిల్లల మొత్తుకోలు కూడా తగ్గుతది.

సున్నా_ఒకటి (21)
నాదో ప్రశ్న. మా దగ్గర క్యాష్ పెట్టాం కానీ వీఎస్ కోడ్, క్రోమ్ రెండూ క్యాష్ అవ్వట్లేదు. ప్రతి మెషీనూ విడిగానే దింపుతోంది.

పెంగ్విన్ పంతులు (22)
అవి హెచ్‌టీటీపీఎస్. మూసేసిన కవరు లాంటిది, మధ్యలో క్యాషర్‌కి లోపల ఏముందో కనపడదు, దాటించడమే దాని పని. ఉపాయం ఉంది. క్లయింట్‌లో సోర్స్ చిరునామాని మామూలు హెచ్‌టీటీపీగా రాసి, వెంటనే పెద్దక్షరాల్లో హెచ్‌టీటీపీఎస్, మూడు స్లాష్‌లు, తర్వాత అసలు చిరునామా. అప్పుడు క్లయింట్ నుంచి క్యాషర్ దాకా మామూలుగా, అక్కణ్ణుంచి బయటికి భద్రంగా వెళ్తుంది.

స్నాప్‌లు (ఉబుంటు వాళ్ల ఇంకో రకం ప్యాకేజీలు) మాత్రం ఏం చేసినా ఇందులోకి రావు. 22.04లో ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గానే వస్తుంది, అది ఆప్ట్ దారిలో నడవదు, రోజుకి నాలుగుసార్లు తనే స్టోర్‌కి వెళ్లి చూసుకుంటుంది. ల్యాబ్‌కైతే మొజిల్లా వాళ్ల సొంత ఆప్ట్ రెపో పెట్టుకోండి. పిన్నింగ్‌లో (ఏ రెపోకి ఎంత ప్రాధాన్యమో చెప్పే సెట్టింగ్‌లో) దానికి 1000 ప్రాధాన్యం ఇవ్వడం మర్చిపోవద్దు, లేకపోతే ఉబుంటు పేరుకి ఇచ్చే డమ్మీ ప్యాకేజీ మళ్లీ స్నాప్‌ని తెచ్చి పెడుతుంది.

కమాండ్లు తెలుగులో రాస్తున్నా, మీరు ఇంగ్లీషులోనే కొట్టండి బాబూ. పోయినసారి ఒకాయన 'ఆప్ట్' అని తెలుగులో కొట్టి రాలేదన్నాడు.

ల్యాబ్‌సార్_పగో (23)
స్విచ్ శాంక్షన్ అయ్యింది! టైమర్ మార్చా. ఇక రెండో పని, మా సొంత ప్రోగ్రాములు. రెప్రెప్రో పెట్టా. యూట్యూబ్‌లో ఒక తమ్ముడు సోర్స్ లైన్‌లో ట్రస్టెడ్ ఈక్వల్స్ యెస్ అని పెడితే సంతకాలు, కీలు ఏ గొడవా ఉండదన్నాడు. లోపలి నెట్‌వర్కే కదా, అలా చేసెయ్యనా?

సున్నా_ఒకటి (24)
మేం అలాగే చేశాం. మూడేళ్లయింది. ఏమీ కాలేదు.

డల్లాస్ డెబియన్ (25)
తలుపు తీసి పడుకుంటే కూడా మూడేళ్లు ఏమీ కాకపోవచ్చు.

సున్నా_ఒకటి (26)
అన్నా, అది ల్యాబ్. అందులో ఎవరు దొంగతనం చేస్తారు, ఏముందని?

బగ్గుల బుజ్జి (27)
ల్యాబ్‌లోనే చేస్తారు. నేను థర్డ్ ఇయర్‌లో ఉన్నప్పుడు పక్క బెంచీ వాడు హ్యాకింగ్ టూల్స్ ఉండే కాళీ లినక్స్ పెన్‌డ్రైవ్ పెట్టుకుని, గేట్‌వే నేనే అని అందరి మెషీన్లనీ నమ్మించాడు. వాడికి కావల్సింది హాస్టల్ వైఫై పాస్‌వర్డే. అదే ల్యాబ్‌లో మీ రెపో ఉండి, సంతకం చూడొద్దని మీరే మెషీన్లకి చెప్పి ఉంటే? వాడిచ్చిన ప్యాకేజీ రూట్ (మెషీన్ మీద పూర్తి అధికారం ఉన్న యూజర్) హక్కులతో ఇన్‌స్టాల్ అవుతుంది. హాజరు ప్రోగ్రామ్ అంటున్నారు, దానికంటే పిల్లలకి ఆశ పెట్టే వస్తువు ఇంకేముంది సార్?

విండోస్ వీరయ్య (28)
అందరికీ నూటికి నూరు శాతం హాజరు. ప్రిన్సిపాల్ గారు ప్రెస్ మీట్ పెట్టేవారు.

పెంగ్విన్ పంతులు (29)
బుజ్జి గారు చెప్పింది అక్షరసత్యం. సంతకం ఎలా పనిచేస్తుందో తెలిస్తే అది గొడవగా అనిపించదు. రెపోలో రిలీజ్ ఫైల్ ఒకటి ఉంటుంది. అందులో ప్యాకేజెస్ అనే జాబితా ఫైల్ షా 256 హ్యాష్ (వేలిముద్ర లాంటిది) ఉంటుంది. ఆ జాబితాలో ఒక్కో డెబ్ ఫైల్ (అసలు ప్యాకేజీ) హ్యాష్ ఉంటుంది. మీరు సంతకం పెట్టేది రిలీజ్ ఫైల్ ఒక్కదాని మీదే, దాంతో కింద ఉన్నవన్నీ బిగుసుకుంటాయి. ఎక్కడ ఒక్క బైట్ మారినా పైన లెక్క తప్పుతుంది. అందుకే ఉబుంటు రెపోలు ఇన్నేళ్లుగా మామూలు హెచ్‌టీటీపీ మీద నడిచినా ఫర్వాలేదు అంటారు. అలాగని మరీ ధీమా కూడా వద్దు, 2019 జనవరిలో ఆప్ట్‌లోనే లోపం బయటపడింది, దారిలో కూర్చున్నవాడు రీడైరెక్ట్ ద్వారా తన ప్యాకేజీని ఎక్కించగలిగేలా. వెంటనే సరిచేశారు. సంతకం ఉండగానే అలా జరిగితే, లేకుండా ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

సంతకానికి కీ తయారుచేసి, దాని పబ్లిక్ భాగం క్లయింట్లలో ఈటీసీ ఆప్ట్ కీరింగ్స్ ఫోల్డర్‌లో పెట్టి, సోర్స్ లైన్‌లో సైన్డ్ బై అని ఆ ఫైల్ దారి రాయండి. పాత పుస్తకాల్లో ఆప్ట్ కీ యాడ్ అని ఉంటుంది, అది వద్దు. అలా పెట్టిన కీ అన్ని రెపోలకీ చెల్లుతుంది, మీ చిన్న రెపో కీతో ఉబుంటు ప్యాకేజీ మీద కూడా సంతకం పెట్టొచ్చన్నమాట.

ల్యాబ్‌సార్_పగో (30)
కీ చేశా, కాపీ చేశా, లైన్ రాశా. ఆప్ట్ అప్‌డేట్ కొడితే 'నో పబ్‌కీ' అంటోంది. ఫైల్ కళ్లముందే ఉంది. సాయంత్రం ఆరున్నర నుంచి ఇదే. వాచ్‌మన్ రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు.

డల్లాస్ డెబియన్ (31)
రెండిట్లో ఒకటి. కీ అక్షరాల రూపంలో ఉంటే ఫైల్ పేరు చివర ఏఎస్‌సీ ఉండాలి, బైనరీ అయితే జీపీజీ. తారుమారైతే చదవదు. అది సరిగ్గా ఉంటే ఫైల్ పర్మిషన్ చూడండి. ఆప్ట్ ఆ ఫైల్‌ని రూట్‌గా చదవదు, అండర్‌స్కోర్ ఆప్ట్ అనే వేరే యూజర్‌గా చదువుతుంది. మీరు రూట్‌కి మాత్రమే కనపడేలా పెట్టుంటారు.

ల్యాబ్‌సార్_పగో (32)
600 ఉంది. 644 చేశా. వచ్చేసింది!! ఇంటికెళ్తున్నా. అన్నం చల్లారిపోయుంటుంది.

కరీంనగర్ కుర్రోడు (33)
పగో సార్, ఆ కీ పాస్‌వర్డ్ ఇప్పుడే కాగితం మీద రాసి కవర్‌ల పెట్టి బీరువాల పెట్టండి. మా దగ్గర నాకంటే ముందున్న సార్ కీ చేసిండు, రెండేండ్ల గడువు పెట్టిండు, ఉద్యోగం మారిండు. గడువు అయిపోయిన రోజు పొద్దున్నే అన్ని మెషీన్లల్ల కీ ఎక్స్‌పైర్ అని ఎర్రక్షరాలు. సార్‌కి ఫోన్ చేస్తే పాస్‌వర్డ్ యాదికి లేదన్నడు. అది తెలిస్తే గడువు పొడిగించుకోవచ్చు, తెల్వకపోతే కొత్త కీయే. కొత్త కీ పట్టుకుని నలభై మెషీన్లు తిరిగిన. పెన్‌డ్రైవ్ తప్పించుకోవడానికే కదా రెపో పెట్టింది, మళ్ల పెన్‌డ్రైవే.

ఇప్పుడైతే కీని కూడా ఒక డెబ్ ప్యాకేజీగా చేసి నా రెపోలనే పెట్టిన. పాత కీ గడువుకి మూడు నెలల ముందే కొత్త కీ అన్నిట్లకీ చేరిపోతది.

ల్యాబ్‌సార్_పగో (34)
ఇది బంగారం. రేపే చేస్తా. ఇంకో చిక్కు: హాజరు ప్రోగ్రామ్‌లో చిన్న తప్పు దిద్ది మళ్లీ రెప్రెప్రోలోకి ఎక్కిస్తే తీసుకోనంటోంది. చెక్‌సమ్ వేరుగా ఉందట.

బగ్గుల బుజ్జి (35)
వెర్షన్ నంబర్ మార్చకుండా ఎక్కించారు. అదే పేరు, అదే నంబరు, లోపల వేరే సరుకు. రెప్రెప్రో ఒప్పుకోకపోవడమే మంచిది. 1.2 ఉంటే 1.2.1 చెయ్యండి. టిల్డా (~) గుర్తు జోలికి మాత్రం వెళ్లొద్దు. 1.2 తర్వాత టిల్డా పెట్టి కొత్త అని రాస్తే చూడ్డానికి కొత్తదిలా ఉంటుంది కానీ డీపీకేజీ (ప్యాకేజీలని ఇన్‌స్టాల్ చేసే టూల్) లెక్కలో అది 1.2 కంటే పాతది. నేను ఒకసారి దీనివల్ల మధ్యాహ్నమంతా 'అన్నీ అప్‌డేట్ అయ్యే ఉన్నాయి' అన్న మాట చదువుకుంటూ కూర్చున్నా.

పెంగ్విన్ పంతులు (36)
ఇంకో రెండు ముక్కలు, తర్వాత తల కొట్టుకోకుండా. అనటెండెడ్ అప్‌గ్రేడ్స్ (ఎవరూ అడక్కుండానే అప్‌డేట్లు వేసేది) మీ రెపోని దానంతట అది పట్టించుకోదు, ఉబుంటు సెక్యూరిటీ లాంటివే దాని జాబితాలో ఉంటాయి. రెప్రెప్రో డిస్ట్రిబ్యూషన్స్ ఫైల్‌లో ఆరిజిన్ అని మీరేం రాశారో ఆ పేరునీ, సూట్ అని రాసిన పేరునీ అలౌడ్ ఆరిజిన్స్‌లో కలపాలి. అందుకే ఆరిజిన్ ఖాళీగా వదలకండి, కాలేజీ పేరో ల్యాబ్ పేరో పెట్టుకోండి. రెండోది, మీ రెపో చిరునామాకి ప్రాక్సీ అక్కర్లేదు, డైరెక్ట్ అని ఒక లైన్ కలపండి.

ఇక ల్యాబ్‌కి కావల్సిన జీసీసీ, కోడ్‌బ్లాక్స్, జావా, తెలుగు ఫాంట్లు ఇవన్నీ ఈక్వివ్స్ అనే టూల్‌తో ఒక ఖాళీ ప్యాకేజీగా కట్టండి. లోపల ఏమీ ఉండదు, ఇవన్నీ కావాలి అని డిపెండెన్సీ జాబితా మాత్రమే. కొత్త సిలబస్‌లో ఇంకో సాఫ్ట్‌వేర్ వస్తే జాబితాలో ఒక పేరు కలిపి, నంబరు పెంచి ఎక్కిస్తే 64 మెషీన్లకీ వెళ్లిపోతుంది.

శ్రీకాకుళం సీత (37)
మా బడిలో పది మెషీన్లే. ఇంత హంగామా కావాలా?

పెంగ్విన్ పంతులు (38)
క్యాష్ ఒక్కటీ పెట్టండి అమ్మా. సొంత ప్రోగ్రాములు లేకపోతే మిగతా ఏదీ వద్దు. కేరళ బడుల్లో కైట్ (అక్కడి ప్రభుత్వ విద్యా సాంకేతిక సంస్థ) వాళ్లు ఉబుంటు మీద తమ సొంత లినక్సే కట్టి పంచుతారు, అది రాష్ట్రమంతటికీ సరిపోయే లెక్క. పది మెషీన్లకి ఒక టీచర్ ఓపిక చాలు.

ల్యాబ్‌సార్_పగో (39)
సంక్రాంతి సెలవుల తర్వాత వచ్చా. కోడిపందేలు, బొబ్బట్లు అన్నీ అయ్యాయి. పదకొండు రోజులు ల్యాబ్ మూసి ఉంది. సెలవుల్లోనే ఇంటి దగ్గర నుంచి రెపోలోకి కొత్త వెర్షన్ ఎక్కించా, గర్వంగా. ఇవాళ ఆన్ చేస్తే 53 మెషీన్లు బాగానే తీసుకున్నాయి. 11 మాత్రం రిలీజ్ ఫైల్ 'ఇంకా చెల్లదు, ఇంకో ఐదు రోజుల తర్వాత చెల్లుతుంది' అంటున్నాయి. ఐదు రోజుల తర్వాత ఏమిటి? ముహూర్తమా?

విండోస్ వీరయ్య (40)
పంచాంగం చూసి ఇన్‌స్టాల్ చేసే సాఫ్ట్‌వేర్ మన ఆంధ్రాకే రావాలి 🙏

కేబుల్ కిట్టు (41)
ఆ 11 మెషీన్లలో గడియారం చూడండి.

ల్యాబ్‌సార్_పగో (42)
భోగి ముందు రోజు తేదీ చూపిస్తున్నాయి. నేను ల్యాబ్ మూసిన రోజు!

డల్లాస్ డెబియన్ (43)
మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయింది. మామూలుగా అయితే గడియారం ఎప్పటికో వెనక్కి పోతుంది, కానీ ఉబుంటు చివరిసారి చూసిన సమయాన్ని డిస్క్‌లో గుర్తు పెట్టుకుని అక్కడ మొదలుపెడుతుంది. తర్వాత నెట్‌లో టైమ్ సర్వర్‌ని అడిగి దిద్దుకోవాలి. మీ దగ్గర అది జరగలేదంటే కాలేజీ ఫైర్‌వాల్ 123 పోర్ట్ మూసి ఉంటుంది. వాటి దృష్టిలో మీ రిలీజ్ ఫైల్ భవిష్యత్తులో సంతకం పెట్టింది, అందుకే నమ్మవు.

ఫైర్‌వాల్‌లో మీ రెపో మెషీన్ ఒక్కదానికి ఆ పోర్ట్ తెరిపించండి. దాన్లో క్రోనీ (టైమ్ సర్వర్ ప్రోగ్రామ్) పెట్టి, ల్యాబ్ నెట్‌వర్క్‌కి అలౌ అని ఒక లైన్ రాయండి. 64 మెషీన్లకీ టైమ్ సర్వర్‌గా దాన్నే చూపించండి. ఆ సెట్టింగ్‌ని కూడా ప్యాకేజీగా చేసి పంపొచ్చు, కాకపోతే ఈ 11 మెషీన్లకి ఈ ఒక్కసారి చేత్తో తేదీ సరిచేశాక.

కేబుల్ కిట్టు (44)
బ్యాటరీలు కూడా మార్చండి, సీఆర్ 2032. వాచీ షాపులో దొరుకుతాయి. పాత బిళ్లని గోరుతో కాదు, పక్కనున్న క్లిప్ నొక్కితే అదే పైకి లేస్తుంది.

ల్యాబ్‌సార్_పగో (45)
11 బిళ్లలు మార్చాం, క్రోనీ పెట్టాం. ఇవాళ పొద్దున 64 మెషీన్లూ ఆన్ చేసి, పిల్లలు టెస్టు రాస్తుండగా కూర్చుని చూశా. నెట్ కదల్లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకి అప్‌డేట్లు వాటంతట అవే వెళ్లాయి. హెచ్‌ఓడీ గారు వచ్చి చూసి, "ఇవాళ నెట్ బాగుందే, కంపెనీ వాళ్లు బాగు చేసినట్టున్నారు" అన్నారు.

బగ్గుల బుజ్జి (46)
😂😂 సార్ ఒక్క మాట కూడా అనలేదా?

ల్యాబ్‌సార్_పగో (47)
"అవును సార్" అన్నా. అంతవరకు బాగానే ఉంది. నిన్న సాయంత్రం అటెండర్ ఫోన్ చార్జింగ్ కోసం రెపో మెషీన్ ప్లగ్ పీకాడు. ఇవాళ ఒక్క మెషీన్ కూడా అప్‌డేట్ కాలేదు, అన్నీ ప్రాక్సీ దొరకలేదంటున్నాయి.

పెంగ్విన్ పంతులు (48)
ప్రాక్సీ లైన్‌ని నేరుగా రాయకుండా, ప్రాక్సీ ఆటో డిటెక్ట్ అని చిన్న స్క్రిప్ట్ పెట్టండి. 3142 పలికితే దాని చిరునామా చెప్పాలి, పలక్కపోతే డైరెక్ట్ అనాలి. రెపో మెషీన్ పోయినా మెషీన్లు నేరుగా బయటికి వెళ్లి తెచ్చుకుంటాయి. మీ సొంత ప్యాకేజీలు మాత్రం ఆగుతాయి, ఫర్వాలేదు.

ల్యాబ్‌సార్_పగో (49)
స్క్రిప్ట్ పెట్టా, పనిచేస్తోంది. ప్లగ్ దగ్గర 'ఆపరాదు' అని పెద్దక్షరాల్లో కాగితం కూడా అంటించా. ఇప్పుడే వచ్చి చూశా. కాగితం అలాగే ఉంది. స్విచ్ ఆఫ్‌లో ఉంది.

విండోస్ వీరయ్య (50)
కాగితాన్ని ఆపలేదు కదా.

కేబుల్ కిట్టు (51)
యూపీఎస్ వెనకాల సాకెట్‌కి పెట్టి, యూపీఎస్‌ని బీరువా వెనక్కి తోసెయ్యండి. అటెండర్‌కి వేరే ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒకటి కొనివ్వండి, మూడొందలు. అదే అన్నిటికంటే చవక.